మంచువాలుపై ఒక వారము



మాఘమాసపు వేకువజామున సుమ్మాదేవి రైలు స్టేషనులో నిలిచి వాయవ్యదిశకు చూచినయెడల, మంచుతెర వెనుక మహేంద్రగిరి నీలముగా కానవచ్చును. ఆ మంచు మన మెరిగిన మంచు. జీడితోటల పూతపై వాలి, పొద్దెక్కగానే మాయమగునది. దోసిటఁ బట్టుటకు వీలులేనిది. నేడు నేను మీకు విన్నవింపబోవునది వేరొక మంచును గూర్చి. అది మోకాలిలోతున నేలపై పేరుకొని, వారములకొలది కరగక నిలుచును. దానిపై పిల్లలును పెద్దలును కాళ్లకు పొడవైన పలకలు తగిలించుకొని, కొండవాలున జారుచు ఆడుకొందురు. ఆ యాటకు స్కీయింగు అని పేరు.

కొలది యేండ్ల క్రిందట, 2023 తరువాతి ఒక మాఘమాసమున, మా యింటివారము ఏడుగురము ఆ మంచును చూడఁబోయితిమి. మా పెదనాన్నగారు, మా అమ్మ, నేను, నా భార్య, మా పిల్లలిద్దరు, మా మేనల్లుడు. ప్రయాణపు మాట యెత్తిన నాడు పెదనాన్నగారు కొబ్బరితోటలో మట్టలు ఏరించుచుండిరి. విషయమంతయు విని ఆయన యొక ప్రశ్న వేసిరి. “ఏటి బాబూ, జారడానికి అంత దూరం వెళ్లాలా? మన ఇసుకదిబ్బ లేదేటి? పిల్లలకి ఓ తాటిమట్ట ఇస్తే చాలదా?”

ఆ ప్రశ్నకు నా యొద్ద నాడు సమాధానము లేకుండెను. ఉద్దానమున పుట్టినవారిలో తాటిమట్టపై కూర్చుండి ఇసుకదిబ్బ మీదినుండి జారని వారెవరు? నేటి నా ప్రసంగము పెదనాన్నగారి ప్రశ్నకు సమాధానమే యని మీరు భావింపవచ్చును.

మొదట ఈ యాట యెట్టిదో చెప్పెదను. స్కీ యనగా, మనిషి యెత్తునకు ఇంచుమించుగా ఉండి, జానెడుకంటె సన్నమై, ముందుకొన పైకి వంగిన పలక. ఒక్కొక్క కాలికి ఒక్కొక్కటి. గట్టి బూటును పలకకు బిగించుటకు ఒక కీలు ఉండును. మనిషి పడినప్పుడు కాలు మెలిపడకుండ ఆ కీలు తనంతట తానే ఊడిపోవును. చేతులలో రెండు ఊతకర్రలు. ఇంతియే సామగ్రి. మెత్తని మంచుపై వట్టికాళ్లతో నడచిన యెడల తొడలదాక కూరుకొనిపోవుదుము. పలక పొడవుగా నుండుటచేత మన బరువు దాని యందంతటను పంచుకొనబడి, కాలు దిగబడదు. బాడవలో ఎడ్లబండి చక్రము దిగబడినప్పుడు క్రింద చెక్క వేయుట మన మెరుగుదుము గదా! ఇదియు నట్టిదే.

ఇక జారుట యేల సంభవించును? ఇసుకపై తాటిమట్ట జారునప్పుడు ఇసుకరేణువులు ఒరసికొని మట్టను వెనుకకు లాగుచుండును. అందుచేత దిబ్బ నిటారుగా నున్నగాని మట్ట కదలదు. మంచు అట్లు కాదు. మంచుగడ్డ యొక్క పైపొర సహజముగనే కొంచెము జిగురువిడిచి యుండును. పలక రాపిడివలన పుట్టిన వేడిమిచే ఆ పొర మిక్కిలి పలుచని తేమగా మారును. ఆ తేమయే పలకకు నూనె వంటిది. కావున కొంచెము వాలు చాలును. అయిదేండ్ల బిడ్డయు జారగలదు. కాని ఇందుననే చిక్కును గలదు. ఇసుకపై మట్ట తనంతట ఆగును. మంచుపై పలక తనంతట ఆగదు. కావున ఈ విద్యలో మొదటి పాఠము పరుగు కాదు, నిలుపుదల.

నిలుపు విధము వినుడు. రెండు పలకల ముందుమొనలను దగ్గరకు చేర్చి, వెనుకకొనలను ఎడముచేసి, లోపలి యంచులతో మంచును నొక్కవలెను. అప్పుడు పలకలు మంచును త్రోయుచు వేగమును తగ్గించును. పడమటిదేశములయందు దారిపై పడిన మంచును చీల్చి ప్రక్కలకు నెట్టుటకు నాగలి వంటి సాధనమొకటి కలదు. ఆ పేరనే ఈ భంగిమను మంచునాగలి యందురు. మా పిల్లలకు మొదటి రెండు దినములు నేర్పినది ఈ నాగలి యొక్కటియే. పెదనాన్నగారు దూరమునుండి చూచి, “చూశావా, అక్కడికెళ్లినా దున్నడమే” యని నవ్విరి.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది. ఉత్తరధ్రువమునకు చేరువనున్న దేశములలో చలికాలమున ఒక యూరినుండి మరియొక యూరికి పోవుటకును, వేటకును, కట్టెలు తెచ్చుకొనుటకును జనులు కొన్ని వేల యేండ్లుగా ఈ పలకలను వాడుచుండిరి. స్కీ యను మాటకు ప్రాచీన నార్వే భాషలో చీల్చిన కట్టె యని యర్థము. అది మనకు తెప్ప వంటిది. ఆటవస్తువు కాదు, బ్రతుకుతెరువు. 1888లో నార్వేవాసియగు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అయిదుగురు సహచరులతో గ్రీన్లాండు మంచుభూమిని ఈ పలకలపై దాటెను. ఆ వృత్తాంతమును ఆయన గ్రంథముగా ప్రకటించిన పిమ్మట ఐరోపా యందంతటను ఈ పలకలపై మోజు పుట్టినది. 1924లో ఫ్రాన్సుదేశమున షామొనీ యను కొండయూర మొదటి శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగెను.

అయినను చాలకాలము ఇది బలవంతుల యాటగనే యుండెను. ఏలయన, ఒక్క మారు జారుటకు గంటసేపు కొండ యెక్కవలెను. ఆ శ్రమను తొలగించినవారు రైలువారు. అమెరికాలో యూనియన్ పసిఫిక్ అను రైలు కంపెనీ ఐడహో రాష్ట్రమున సన్ వ్యాలీ యనుచోట మంచువిడిది కట్టించుచు, జనులను పైకి చేర్చు సాధనమును కనిపెట్టుమని తన ఇంజనీర్లను కోరెను. వారిలో జేమ్స్ కర్రన్ అను నతడు పూర్వము అరటిగెలలను ఓడలకెక్కించు యంత్రమును ఎరిగినవాడు. తిరుగుచుండు తీగకు కొక్కెములు, కొక్కెములకు గెలలు. అతడు కొక్కెముల స్థానమున కుర్చీలను వ్రేలాడదీసెను. 1936లో ఆ తీగకుర్చీ నడచినది. అరటిగెల పోవు త్రోవన మనిషి పోవుట మొదలిడెను. నాటినుండి పిల్లలును, వృద్ధులును, నడుమునొప్పి గలవారును సైతము కొండపైకి పోగలిగిరి. ఇంటిల్లిపాది కలిసి మంచుకొండకు పోవు ఆచారము లోకమున విరివిగా ప్రబలినది పిమ్మటనే.

మన దేశమున ఈ యాట కాశ్మీరమందలి గుల్మార్గులో వేళ్లూనినది. 1927లో బ్రిటిషు సైనికోద్యోగు లచ్చట ఒక స్కీ సంఘమును స్థాపించిరి. గుల్మార్గు వాలులు గొప్పవి, నిటారైనవి. మేము పోయినది దానికంటె చిన్నదగు ఔలీ యను చోటికి. అది ఉత్తరాఖండ రాష్ట్రమున, బదరీనాథయాత్రా మార్గములోని జోషీమఠమునకు పైనున్న పచ్చికకొండ. మనవారిలో బదరీయాత్ర చేసినవారు జోషీమఠమును తప్పక చూచియుందురు. శంకరభగవత్పాదులు నెలకొల్పిన నాలుగు మఠములలో ఉత్తరపు జ్యోతిర్మఠము అచ్చటనే కలదని పరంపర. శీతకాలమున బదరీనాథుని ద్వారములు మూయబడును; ఆ నెలలలో పూజలు జోషీమఠ నరసింహాలయమునను, దగ్గరనున్న పాండుకేశ్వరమునను సాగును. కావున మేము పోయిన కాలమున ఒకే త్రోవలో అమ్మకు నరసింహ దర్శనమును, పిల్లలకు మంచాటయు లభించినవి. సింహాచలము అప్పన్నను కొలుచు నింటివారికి అచ్చటను నరసింహుడే యెదురగుట అమ్మకు పరమానందమైనది.

త్రోవ యిట్లు. సుమ్మాదేవి చిన్న స్టేషను. దూరపు రైళ్లు ఆగవు. పలాసలో బండి యెక్కి, విశాఖపట్టణము మీదుగా ఢిల్లీకిని, అచ్చటినుండి హరిద్వార ఋషికేశములకును చేరితిమి. ఋషికేశమునుండి జోషీమఠము సుమారు 250 కిలోమీటర్ల కొండదారి. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగలను నాలుగు సంగమములు దారిలోనే తగులును. ఆ దారిని ఒక్కనాడే ముగింపవలెనని తొందరపడరాదు. మేము నడుమ నొకరాత్రి నిలిచితిమి. జోషీమఠమునుండి ఔలీకి పోవుటకు సుమారు నాలుగు కిలోమీటర్ల రోప్‌వే యొకటి యున్నది. కాని 2023 జనవరిలో దానిని నిలిపివేసిరి. ఆ కారణమును ముందు చెప్పెదను. మేము జీపులో మెలికల దారిన పైకి పోయితిమి.

ఔలీ సముద్రమట్టమునకు 2,500 మీటర్లు మొదలు 3,000 మీటర్లకు పైచిలుకు వరకు వ్యాపించినది. మన మహేంద్రగిరి 1,501 మీటర్లు. ప్రతి వేయి మీటర్ల యెత్తునకు గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ లెక్కన మహేంద్రగిరి శిఖరము మన తీరముకంటె పది డిగ్రీల వరకు చల్లగా నుండును గాని, నీరు గడ్డకట్టునంత చల్లగా నుండదు. ఔలీ దానికి రెట్టింపు ఎత్తు. పైగా చాల ఉత్తరముగా నున్నది. ఇంకొక సంగతి. మనకు తడి తెచ్చునది నైరృతి ఋతుపవనమును, బంగాళాఖాతపు వాయుగుండములును. అచ్చట చలికాలపు మంచును తెచ్చునవి మధ్యధరా సముద్రపు దిక్కునుండి పడమటిగాలులతో వచ్చు మేఘములు. ఆ మేఘములు రాని యేట ఔలీలో మంచు పలుచన. మంచు చాలక పోటీలు నిలిచిపోయిన యేండ్లును గలవు.

ఔలీ ఒక మహానగరము వంటి విడిది కాదు. కొన్ని బసలు, ఒక తీగకుర్చీ, దేవదారు వృక్షములు, ఎదుట హిమవంతుడు. 2011 జనవరిలో దక్షిణాసియా శీతకాలక్రీడలు దేహరాదూను, ఔలీలలో జరిగినవి. నాటినుండి దాని పేరు హెచ్చినది. ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళమువారి పర్వతారోహణ, స్కీయింగు శిక్షణసంస్థ యచ్చటనే కలదు. మన జిల్లానుండి సైన్యమునకును సరిహద్దు దళములకును పోయిన యువకులు పెక్కురు. సరిహద్దు కొండలలో ఈ పలకలు వినోదవస్తువులు కావు, కావలికాయువారి పాదరక్షలు. మా మేనల్లునకు అట్టి కొలువుపై ఆశ. జవానులు బరువైన సంచులు మోయుచు బారుగా వాలు దిగుట చూచి, వాడు ఆ పూటంతయు మాటలాడలేదు.

మొదటినాడు మేమేమియు చేయలేదు. ఎత్తైన చోట గాలి పలుచన. తీరవాసులకు ఆయాసమును తలనొప్పియు కలుగును. ఒకనాడు విశ్రమించి, వేడినీరు తరచుగా త్రాగిన యెడల దేహము సర్దుకొనును. రెండవనాడు స్థానికుడగు నొక యువకుడు పిల్లలకు నేర్ప మొదలిడెను. అతడు మొదట నేర్పినది పడుట. ముందుకు పడరాదు, ప్రక్కకు ఒరగి, తుంటిపై కూలబడవలెను, చేతులు నేలకు ఆన్చి ఆపుకొనజూడరాదు. పడిన పిమ్మట పలకలను వాలునకు అడ్డముగా త్రిప్పుకొని, ఊతకర్ర నూని లేవవలెను. పిల్లలు ఆ పూట ఇరువది మార్లు కావలెనని పడిరి, ముప్పది మార్లు కాకున్నను పడిరి. ఎవరును ఏడ్వలేదు. వలదన్నను పడుదు మని ముందే తెలిసినచోట పడుటలో అవమానము లేదు గదా!

నాకు మాత్రము అట్లు జరుగలేదు. నేను పెద్దవాడను, పాఠము వినకయే చేయగల ననుకొంటిని. పలకలు తగిలించుకొని పదడుగులు జారి, నిలుపుట యెరుగక, ఎండుగడ్డి మోపువలె దొర్లితిని. నా కుమార్తె మెల్లగా మంచునాగలి వేయుచు నా ప్రక్కకు వచ్చి నిలిచి, “నాన్నా, మొనలు దగ్గరగా పెట్టు” అని చెప్పినది. తొమ్మిదేండ్ల బిడ్డ తండ్రికి గురువైన వేళ అది. సాయంకాలమునకు నేనును నిలుచుట నేర్చితిని.

చిన్న విడిది యొక్క మేలు ఇచ్చటనే తెలిసినది. వాలు చిన్నదగుటచేత ఇంటివారందరును ఒకరికొకరు కన్నుమరుగు కాలేదు. పిల్లలు క్రింది మెట్టు వాలున, మేనల్లుడు కొంచెము పైని, అమ్మయు పెదనాన్నగారును ఎండపొడలో బల్లపై. ఎదుట నందాదేవి, 7,816 మీటర్ల శిఖరము, అమ్మవారి పేరు గలది. అమ్మ దానికి మ్రొక్కి, పొద్దు వాలి శిఖరము ఎర్రబడువరకు అచ్చటనుండి కదలలేదు. పెదనాన్నగారికి హిందీ రాదు. నేర్పువానికి తెలుగు రాదు. పలాస జీడిపప్పు పొట్లమొకటి వారిద్దరికిని దుబాసీ యైనది. బదులుగా అతడు తన యింటినుండి మండువా రొట్టెలు తెచ్చెను. పెదనాన్నగారు తుంచి నోట వేసికొని, “ఒరే, ఇది మన చోడిపిండే!” యని కేకవేసిరి. నిజమే. మన చోళ్లనే వా రచ్చట కొండమెట్లపై పండించి, మండువా యందురు.

వారము చివరినాడు ఒక వింత జరిగినది. వాలు చివర చిన్నపిల్లలు గాలినింపిన రబ్బరు చక్రములపై కూర్చుండి జారు చోటు గలదు. మా చిన్నది పెదనాన్నగారి చేయి పట్టి లాగికొనిపోయినది. డెబ్బదిరెండేండ్ల మనిషి పంచె పైన ఉన్ని లాగు తొడిగి, మనుమరాలిని ఒడిలో పెట్టుకొని, ముప్పదడుగులు జారి, చక్రము తిరుగబడి మంచులో పడిరి. లేచి నవ్విన నవ్వు నేను మా తోటలో ఎన్నడును వినలేదు. నాకు పుట్టినది మొదలు ఆయన పనిలోనో, పని విచారములోనో యుండగా చూచితిని గాని ఆటలో చూడలేదు. దిబ్బ మన యింటి ప్రక్కనే యున్నది, నిజము. కాని దిబ్బపై మన మెన్నడైన పిల్లలతో జారితిమా? ఇంటివద్ద నున్నంతకాలము ఎవరి పని వారిది. పనినుండి దూరముగా పోయినగాని, ఒక యింటివారు ఒకచోట కూడి ఆడుట కలుగదు. పెదనాన్నగారి ప్రశ్నకు ఇది నా మొదటి సమాధానము.

ఇక కొన్ని హితవాక్యములు. ఫిబ్రవరి నెల నేర్చువారికి అనుకూలము. ఒక్క దళసరి గొంగళికంటె పలుచని దుస్తులు మూడు నాలుగు పొరలుగా తొడుగుట మేలు. నూలుబట్ట చెమటకు తడిసి చలిని పుట్టించును గావున ఒంటికి తగులు పొర ఉన్నిదిగాని, త్వరగా ఆరునదిగాని కావలెను. మంచుపై ఎండ అద్దమువలె ప్రతిఫలించి కన్నులను చెరచును. నల్లకళ్లద్దములు లేనిదే పిల్లలను పంపరాదు. తలకు టోపీగట్టి యుండవలెను. చలి కాచుకొనుటకని మద్యము త్రాగుట మిక్కిలి ప్రమాదము. అది ఒంటివేడిమిని బయటికి పోగొట్టును. గుండెజబ్బు, ఉబ్బసము కలవారు వైద్యుని అడుగక పోరాదు. మన ఉద్దానమున మూత్రపిండముల వ్యాధితో బాధపడువారి సంగతి మీరెరుగనిది కాదు. అట్టివారు ఎత్తైన చలిప్రదేశమునకు పోదలచినచో ముందుగా తమ వైద్యుని సెలవు తీసికొనుట తప్పనిసరి. అచ్చటికి వైద్యసాయము దూరము. ఆట నేర్వదలచిన యువకులకు గఢ్వాల్ మండల వికాస్ నిగమ్ వారు కొన్ని దినముల శిక్షణలు జరుపుదురు.

ఇంతవరకు సంతోషపు మాట. ఇప్పుడు రోప్‌వే నిలిచిన కారణమును చెప్పవలెను.

2023 జనవరిలో జోషీమఠపు నేల కుంగినది. ఎనిమిదివందలకు పైగా కట్టడములు బీటలు వారినవి. కుటుంబములు తమ యిండ్లు విడిచి తాత్కాలికపు బసలకు పోయినవి. రెండు పెద్ద వసతిగృహములు ఒకదానిపై నొకటి యొరగగా వానిని కూల్చవలసివచ్చెను. ఇది హఠాత్తుగా వచ్చిన వింత కాదు. ఆ యూరు గట్టిరాతిపై కట్టినది కాదు. పూర్వమెప్పుడో విరిగిపడిన కొండచరియల మన్నును రాళ్లును పేరుకొన్న దిమ్మపై కట్టినది. 1976లోనే గఢ్వాలు కమిషనరగు మిశ్రా గారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము ఈ సంగతిని స్పష్టముగా చెప్పెను. నేల మోయగల బరువును చూడక పెద్ద కట్టడములు కట్టవలదనియు, వాలునందలి బండలను త్రవ్వవలదనియు, చెట్లు నరుకవలదనియు, మురుగునీరు నేలలో ఇంకక బయటికి పోవుటకు కాలువలు కట్టవలెననియు వారు హెచ్చరించిరి. దాదాపు ఏబది యేండ్లు గడచినవి. యాత్రికులు పెరిగిరి; వినోదమునకు వచ్చువారు పెరిగిరి; వారికై అంతస్తుపై అంతస్తు లేచినది. క్రింద సొరంగపు పనులును జరిగినవి. వానివలన ఎంత హాని యన్న విషయమున వాదములు కలవు. బరువును నీరును నేల మోయలేకపోయిన దనుటలో మాత్రము వాదము లేదు.

తిరుగుప్రయాణమున మేము జోషీమఠములో ఆగితిమి. ఒక యింటి గోడలో చేయి దూరునంత బీట, గడపకు తాళము, వాకిట తులసికోట మాత్రము నిలిచియున్నది. నరసింహాలయమున ఒక నమ్మిక ప్రచారములో నున్నది. స్వామివారి చేయి యొకటి నానాటికి సన్నబడుచున్నదట. అది విరిగిననాడు కొండలు కలిసి బదరికి దారి మూతపడునట. పిమ్మట స్వామి భవిష్యబదరియందు దర్శనమిచ్చునట. పూర్వులు ఆ కథను ఏ యుద్దేశముతో చెప్పిరో గాని, ఆ తాళమువేసిన యింటిముందు నిలుచుండి వినునప్పుడు అది కేవలము కథగా తోపలేదు.

పెదనాన్నగారు చాలసేపు ఆ యింటిని చూచిరి. 2018 అక్టోబరు 11వ తేది వేకువన తిత్లీ తుపాను మన పలాస చేరువను తీరము దాటినప్పుడు, ఆయన తండ్రి నాటిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలగూలినవి. జీడితోట వేళ్లతో లేచిపోయినది. మరల నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఎన్నేండ్లు పట్టునో ఆ మనిషి యెరుగును. ఆయన యన్నది ఇంతియే. “మనది గాలొచ్చి పట్టుకెళ్లింది. వీళ్లది వచ్చిన చుట్టాల బరువు కూడా కొంత ఉంది. మనమూ వచ్చాం కదా బాబూ.”

ఆ మాట నన్ను నేటికిని విడువలేదు. మేము చేసిన సంతోషపు ప్రయాణమున తప్పేమియు లేదని నేను వాదింపగలను. నేర్పువాని యింట ఆ వారము పొయ్యి వెలుగుటకు మా సొమ్ము తోడ్పడినది. కొండవారికి చలికాలమున వేరు పని తక్కువ. అందరమును పోక మానిన యెడల వారి నోటి కూడు పోవును. అందరమును పోయి, పెద్ద హోటళ్లు, వేడినీటి తొట్లు, ఊరినిండ బండ్లు కావలెనన్న యెడల వారి కాలిక్రింది నేల పోవును. కావున మేలైనది నడిమిమార్గము. చిన్న విడిదిని వెదకుడు. స్థానికుల యిండ్లలో బస చేయుడు. ఆ యూరి రొట్టె తినుడు. నీరు పొదుపుగా వాడుడు. ఆ యూర పారబోసిన ప్రతి బిందె నీరును క్రింది యింటి పునాదిలోనికే పోవునని తలచుడు. ప్లాస్టిక్కు సంచులను ఎట్లు తీసికొనిపోతిరో అట్లే వెనుకకు తెండు. అతిథి తన బరువెరిగి మసలవలెనని మన పెద్దలు మనకు కొత్తగా నేర్పవలసిన ధర్మమా?

నా తుదిమాట ఔలీని గూర్చి కాదు. మంచుకొండకు పోగలవారు మనలో కొందరే. మహేంద్రగిరికి పోలేనివారు మాత్రము కొద్దిమంది. అది నేడు ఒడిశా రాష్ట్రపు గజపతి జిల్లాలో నున్నను, అందు పుట్టిన మహేంద్రతనయ మన బారువయొద్దనే సముద్రమున కలియుచున్నది. కళింగ గంగరాజుల యిలవేలుపగు గోకర్ణేశ్వరు డచ్చట వెలసినాడు. శివరాత్రికి వేలకొలది జనము ఎక్కుదురు. మంచు లేదు గాని చల్లనిగాలి గలదు, వాలు గలదు, పిల్లలు దొర్లుటకు పచ్చిక గలదు, ఆ కొండపై బ్రతుకు సవరలు గలరు. జోషీమఠము నేర్పిన పాఠము ఈ కొండకును వర్తించును.

ఇంటికి వచ్చిన మూడవనాటి సాయంకాలము నేను సముద్రపు దిక్కునకు పోయితిని. ఇసుకదిబ్బపై పిల్లల కేకలు వినవచ్చినవి. దగ్గరకు పోయి చూడగా, మా పెదనాన్నగారు తాటిమట్ట పట్టుకొని దిబ్బ యెక్కుచుండిరి. “మొనలు దగ్గరగా పెట్టు తాతా!” యని క్రిందినుండి మా చిన్నది అరచుచున్నది.